వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టు, తమ్ముడూ

తమ్ముడూ,

టేబుల్ మీద క్యూ అనే కర్రతో బాల్స్‌ని కొట్టి పాకెట్లలో వేసే ఆట మీద రాసిన నీ స్నూకర్ కథ రెండు రూపాలూ చదివాను. మొదట పంపినదాంట్లో ఒక సీను ఉంది. మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో పార్లర్, నీ కుర్రాడు ఆఖరి ఫ్రేమ్, అంటే ఆఖరి ఆట, ఓడిపోతాడు, ఓడినోడే టేబుల్ కిరాయి కట్టాలి కాబట్టి ఫోన్ వచ్చిందని చెప్పి మెట్లు దిగి జారుకుంటాడు, ఆ పైసలు వాడి దోస్తు కడతాడు. రెండోసారి పంపినదాంట్లో ఆ సీను లేదు. అడిగితే "చదివేవాళ్ళకు వాడి మీద ప్రేమ పోతుందేమోనని టెన్షన్ అయింది అన్నా" అన్నావు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

ఇప్పుడు నీ కుర్రాడు తల్లికి మందులు తెస్తాడు, సిగరెట్ ముట్టడు, టోర్నమెంట్ గెలుస్తాడు. పొద్దున లేచేసరికి వాడి ముఖం నాకు గుర్తు లేదు. మెట్లు దిగి పారిపోయినవాడు మాత్రం ఇంకా కళ్ళ ముందే ఉన్నాడు.

అలెక్స్ హిగ్గిన్స్ ఆట ఎప్పుడైనా చూశావా? బెల్‌ఫాస్ట్ మనిషి, ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడిన మొదటిసారే, 1972లో, గెలిచేశాడు. నువ్వు మాత్రం 1982లో జిమ్మీ వైట్‌తో ఆడిన సెమీఫైనల్ చూడు. జిమ్మీ వైట్‌కు ఇంకొక్క ఫ్రేమ్ చాలు, అందులో కూడా 59-0తో ముందున్నాడు. హిగ్గిన్స్ లేచి ఆగకుండా ఒకే వంతులో 69 పాయింట్లు కొట్టాడు, దాన్ని బ్రేక్ అంటారు. శుభ్రంగా కొట్టిన బ్రేక్ కాదది. క్యూతో కొట్టే తెల్ల బాల్ మాటిమాటికీ చెప్పినట్టు వినకుండా ఎక్కడికో పోతుంది, ఇంకొకడైతే సేఫ్టీ ఆడి, అంటే ఎదుటివాడికి సులువైన బాల్ మిగలకుండా కొట్టి, వచ్చి కూర్చుంటాడు, ఇతను మాత్రం ఇక పడదు అనుకున్న బాల్‌ని పాకెట్లో వేసి, మళ్ళీ చిక్కులో పడి, మళ్ళీ వేసి, అట్లా ఫ్రేమ్ లాక్కున్నాడు. ఆ తర్వాతి ఫ్రేమూ గెలిచి, ఫైనల్లో రే రియర్డన్‌ను 18-15తో ఓడించి, ఏడుస్తూ తన పసిబిడ్డను తెమ్మని చేతులు చాచాడు.

అదే మనిషి 1986లో టోర్నమెంట్ అధికారిని తలతో గుద్దాడు. 12,000 పౌండ్ల జరిమానా, ఐదు టోర్నీల నిషేధం. 1990లో తన ఉత్తర ఐర్లండ్ వాడే అయిన డెనిస్ టేలర్‌ను కాల్పిస్తానని బెదిరించాడు. అక్కడ తుపాకులు నిజంగా పేలుతున్న రోజులవి, ఊరికే నోటి దురుసు అని తీసేయడానికి లేదు. గొంతు క్యాన్సర్ వచ్చాక చిక్కి శల్యమై, 2010లో 61 ఏళ్లకు చనిపోయాడు.

జనం అతని తాగుడు చూసి ప్రేమించారని నేను అనుకోను. సేఫ్టీ ఆడాల్సిన చోట ఆడలేకపోవడమే అతని ఆట, బతుకులోనూ అంతే. 69 కొట్టిన చెయ్యీ మనుషుల మీదికి లేచిన చెయ్యీ ఒకటే. దెబ్బ తిన్నవాళ్ళను మర్చిపోమని నేను అనడం లేదు, వాళ్ళూ కథలో ఉండాలి. నీ కథలో కిరాయి కట్టిన ఆ దోస్తు ఉన్నాడే, వాడికి ఒక పేజీ ఇవ్వు.

లోపం రాయమనగానే కొత్తవాళ్ళు హీరో చేతిలో సీసా పెడతారు. ఆ సీసా తీసేసినా కథలో ఏమీ మారకపోతే అది ఉండి ఏం లాభం? రోనీ ఓసలివన్ అనే ఆటగాడు 1997లో 5 నిమిషాల 8 సెకన్లలో 147, అంటే ఒక బ్రేక్‌లో మామూలుగా కొట్టగలిగే అత్యధిక స్కోరు, కొట్టాడు, క్యూ ఒక బాల్‌ను కొడుతుంటే కళ్ళు తర్వాతి బాల్ మీద ఉన్నట్టుంటుంది. 2006లో స్టీఫెన్ హెండ్రీ మీద 4-1తో వెనకబడి, ఇంకా బోలెడు ఫ్రేములు మిగిలి ఉండగానే, చెయ్యి కలిపి ఆట వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రెండిట్లోనూ నాకు కనిపించేది ఒకటే తొందర. నీ కుర్రాడి తప్పు కూడా వాడి ఆటలోంచే పుట్టాలి. ఓటమిని నిలబడి చూడలేనివాడు కాబట్టే పారిపోయాడు, ఆ భయంతోనే అంత కసిగా ఆడతాడు. నువ్వు తెలియకుండానే రాసిన మంచి సంగతి ఇది, దాన్నే కొట్టేశావు.

నేనూ ఈ తప్పు చేశాను. నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర ఒక మేడ మీద పార్లర్ ఉండేది, అక్కడ ఆడే ఒకాయన్ని అందరం మామా అనేవాళ్ళం. బ్లాక్, అంటే అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లున్న నల్ల బాల్, వేశాడంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టాల్సిందే. అప్పు అడిగేవాడు, తిరిగి ఇచ్చేవాడు కాదు, ఇంట్లో రోజూ లొల్లి. ఆయన పోయాక కథ రాశాను. అప్పులు తీసేశాను, లొల్లి తీసేశాను, చనిపోయినవాడి మీద చెడ్డ మాట ఎందుకనుకున్నాను. అచ్చయ్యాక వాళ్ళ బిడ్డ వచ్చి పత్రిక నా చేతిలో పెట్టి, "మా నాయిన ఇంత మంచోడు కాదు సార్, కానీ ఇంతకన్నా బాగుండేటోడు" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ కథ నా సంపుటిలో ఎప్పుడూ చేర్చలేదు.

ఇంకొక మాట. నీ కథంతా కుర్రాడు టేబుల్ దగ్గరే ఉన్నాడు. కబడ్డీలో అయితే ఎదుటోడి కాలు పట్టి లాగొచ్చు. స్నూకర్‌లో అవతలివాడు కొడుతున్నంతసేపూ కుర్చీలో కూర్చుని చూడడమే, చేసేది ఏమీ లేదు. మనిషి అక్కడ దొరుకుతాడు. జిమ్మీ వైట్ ఆరు ప్రపంచ ఫైనల్స్ ఓడాడు, అందులో ఐదు 1990 నుంచి 1994 దాకా వరసగా. 1994లో 17-17, ఆఖరి ఫ్రేమ్, తనే ముందున్నాడు, వెయ్యి సార్లు వేసిన బ్లాక్, అది ఎప్పుడూ ఉండే గుర్తు (స్పాట్) మీదే ఉంది, వేయలేకపోయాడు. వెళ్ళి కూర్చున్నాడు. హెండ్రీ 58 కొట్టి కప్పు తీసుకుపోయాడు. ఆ 58 పాయింట్లూ కుర్చీలోంచి చూసిన మనిషిని రాయగలిగితే చాలు, నీకు టోర్నమెంట్ గెలుపు అక్కర్లేదు. ఏడు టైటిళ్ళు గెలిచిన హెండ్రీ అంటే నాకు గౌరవమే, కానీ ఆ రాత్రి గురించి ఆలోచిస్తే నా కళ్ళు కుర్చీ వైపే పోతాయి.

పారిపోయిన సీను మళ్ళీ పెట్టు. దానికి ముందు వాడు కుర్చీలో కూర్చున్న ఆ పది నిమిషాలు రాయి, క్యూ మొనకు రాసే చాక్ పొడి చేతికి అంటితే ఏం చేశాడు, ఎవరి ముఖం చూడలేకపోయాడు, మెట్లు ఎన్నిసార్లు చూశాడు. వచ్చే నెల మొదటివారంలో పాలమూరు వస్తాను. సాయంత్రం ఆ పార్లర్‌కు తీసుకుపో, ఆడొద్దు, గోడ పక్కన కుర్చీలు వేసుకుని కూర్చుని ఓడిపోయేవాళ్ళను చూద్దాం.

మీ అన్న,
నల్గొండ నుంచి