తొందర పాఠకుడిది: ఒక యువ థ్రిల్లర్ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల చేరింది. మొదట ఏకబిగిన చదివేశాను, తర్వాత పెన్సిల్ పట్టుకుని తీరిగ్గా చదివాను. చిన్నాచితకా తప్పులన్నీ మార్జిన్లలో గుర్తుపెట్టాను, ఆ ప్రతి వేరే పోస్టులో వస్తుంది. మార్జిన్లలో పట్టని సంగతులు ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

మూడో అధ్యాయంలో, కొడుకు కనబడకుండా పోయిన తల్లి పక్కన ఫోను మోగుతుంటే ఎత్తదు. తట్టలో చేపల మీద ఐసు సర్దుకుంటూ కూర్చుంటుంది. ఎత్తితే ఏం వినాల్సి వస్తుందో ఆమెకి తెలుసు, చదివే మాకూ తెలుసు. అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది తల్లీ. రక్తం చుక్క లేదు, ఒక్క కేక లేదు. ఆ పేజీ రాసిన చెయ్యి థ్రిల్లర్ రాయగలదు. ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

మిగతా పుస్తకంలో ఆ నిబ్బరం లేదు. ప్రతి అధ్యాయం చివరా ఏదో ఒకటి పేల్చావు. అర్ధరాత్రి తలుపు తడతారు, శవం దొరుకుతుంది, నమ్మినవాడే ద్రోహి అని తేలుతుంది. పదో అధ్యాయానికి వచ్చేసరికి నేను ఉలిక్కిపడటం మానేశాను, ఈసారి ఏం పేలుస్తావోనని ముందే లెక్కేసుకుంటున్నాను. థ్రిల్లర్‌లో తొందర పాఠకుడికి ఉండాలి. రాసేవాళ్ళు తొందరపడితే చదివేవాడు నింపాదిగా వెనక్కి వాలి కూర్చుంటాడు. నీ కథలోనూ, నువ్వు ఉత్తరంలో రాసిన నీ ప్లాన్లలోనూ నాకు కనబడుతున్న చిక్కు ఇదే.

కథ సంగతి ముందు చూద్దాం. నీ నవల మే నెలలో మొదలవుతుంది. మర పడవ వేట నుంచి తిరిగొచ్చి మన విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీకి చేరుతుంది, వలలో శవం ఉంటుంది. దృశ్యం బాగుంది. కానీ మేలో మన తీరంలో మర పడవలు వేటకు వెళ్ళవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపేస్తుంది. ఇంజను లేని నాటు పడవలకు మాత్రం మినహాయింపు. ఈ ఊళ్ళో పుట్టిన పాఠకుడికి ఇది చెప్పనక్కర్లేదు, ఆ రెండు నెలలూ చేపల ధర ఎలా ఉంటుందో ప్రతి ఇంటికీ తెలుసు.

మే తీసేసి నవంబరు అని పెడితే తప్పు దిద్దుకున్నట్టే. పది నిమిషాల పని. దయచేసి ఆ పని చెయ్యకు. ఆ నిషేధాన్నే కథలోకి తెచ్చుకో.

నిషేధంలో హార్బర్ ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించు. వందలాది బోట్లు పక్కపక్కనే తాళ్ళతో కట్టేసి ఉంటాయి. కొన్నిటిని మరమ్మతుకి ఒడ్డుకి లాగుతారు, వడ్రంగులు పాత చెక్కలు ఊడదీసి కొత్తవి బిగిస్తుంటారు, ఎక్కడ చూసినా పెయింటు వాసన. నీడ దొరికిన చోటల్లా వలలు బాగుచేస్తూ మనుషులు. తెల్లవారుజామున చెవులు హోరెత్తించే వేలంపాట సద్దుమణుగుతుంది. బోట్ల మీద పనిచేసే బయటి ఊళ్ళ కలాసీలు చాలామంది ఇళ్ళకి వెళ్ళిపోతారు. మత్స్యశాఖ వాళ్ళు వచ్చి ఏ బోటు ఒడ్డున ఉందో, దాని మీద పనిచేసేవాళ్ళు ఎవరెవరో చూసి పేర్లు రాసుకుంటారు. ఆ జాబితాని బట్టే కుటుంబానికి నిషేధ కాలపు భృతి వస్తుంది. 2025లో దాన్ని 10,000 నుంచి 20,000 రూపాయలు చేశారు.

ఇప్పుడు నీ కథని ఇక్కడ పెట్టి చూడు. జాబితా రాసే రోజున ఒక కలాసీ రాడు. ఇరవై వేలు వదులుకుని ఏ కలాసీ రాకుండా ఉంటాడు? నాలుగు బోట్ల అవతల ఒక బోటు ఇంజను మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుంది. వేట లేని నెలలో ఆ వెచ్చదనం ఎక్కడిది? ఈ రెండూ కలిస్తే చాలు, కత్తి తియ్యకుండానే నాకు టెన్షన్ పుడుతుంది. పైగా నీ చేతికి ఒక గడువు దొరికింది. జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి బోట్లన్నీ సముద్రంలోకి వెళ్ళిపోతాయి. ఆ బోటూ వెళ్తుంది, దాని మీద ఉన్న సాక్ష్యమూ వెళ్తుంది, చూసిన కలాసీలూ వెళ్తారు. ఆ తేదీ పాఠకుడికి మొదట్లోనే చెప్పెయ్యి. దాచకు. నీ ఎస్సై జూన్ 9న జ్వరంతో పడుకుంటే ఆమెకంటే పాఠకుడే ఎక్కువ కంగారుపడతాడు. చివర్లో ట్విస్టు లేకపోయినా క్షమిస్తాడు.

పోలీసుల పని దగ్గర కూడా ఇదే. నీ హీరోని మూడు రోజులు లాకప్‌లో పెట్టి కొట్టించావు, ఎవరూ నోరెత్తలేదు. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగమే చెబుతోంది. అలా జరగడం లేదా అంటే, జరగని సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు స్టేషన్‌లో ఏం చేస్తారో అది రాయి. ఇంటి నుంచి ఎప్పుడు తీసుకెళ్ళారు, కాగితాల మీద అరెస్టు ఎప్పుడు చూపించారు, ఆ రెండింటి మధ్య గంటల్లో ఇంట్లోవాళ్ళు ఏ మెట్టు ఎక్కి ఏ మెట్టు దిగారు. ఆ గంటలే ఒక అధ్యాయం.

నీ ఇన్‌స్పెక్టర్ 302 సెక్షన్ అంటాడు. కథ నడిచేది 2025లో. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి ఇప్పుడు 103. పాత హెడ్ కానిస్టేబుల్ నోట్లోంచి 302 అని వస్తే అందంగా ఉంటుంది, ఎఫ్ఐఆర్‌లో మాత్రం రాకూడదు. శవ పంచనామాకి ఇద్దరైనా పెద్దమనుషుల్ని పిలిచి, వాళ్ళ ముందు శవాన్ని చూసి, గాయాలు రాసి సంతకాలు తీసుకుంటారు. నువ్వు ఆ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ ఇద్దరిలో ఒకడు హార్బర్ గేటు దగ్గర టీ కొట్టువాడు అనుకో. సంతకం పెట్టాడు, రేపు కోర్టుకి రావాలి, ఆ బోటు యజమాని అతని దగ్గర రోజూ టీ తాగుతాడు. ఆ సంతకం అతని బతుకుని ఏం చేస్తుందో నాకు చదవాలనుంది.

పోస్టుమార్టం చేసిన డాక్టరు చనిపోయిన సమయం రాత్రి పదకొండు ఇరవై అని చెప్పేశాడు. ఏ డాక్టరూ అలా చెప్పడు. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు అంటాడు, నీళ్ళలో నానిన శవమైతే ఆ అంచనా ఇంకా వదులవుతుంది. అసలు ప్రశ్న నువ్వు అడగనే లేదు: నీళ్ళలో పడి చచ్చాడా, చచ్చాక నీళ్ళలో పడేశారా? నీళ్ళలో మునిగి చచ్చినవాడి ఎముక మజ్జలోకి డయాటమ్ అనే సూక్ష్మజీవులు చేరతాయని ఒక పరీక్ష చేస్తారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో నిపుణుల్లోనే తగాదా ఉంది. డిఫెన్స్ లాయరుకి అంతకంటే ఏం కావాలి?

ఇవన్నీ గూగుల్‌లో దొరుకుతాయి కదా అంటావేమో. సెక్షన్లు దొరుకుతాయి. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుంటే, పంచనామాలో మధ్యవర్తిగా సంతకం పెట్టిన మనిషి బోనులో నిలబడి ‘నాకేం తెలీదు, పోలీసులు పెట్టమంటే పెట్టాను’ అన్నప్పుడు అతని చేతులు ఎక్కడ పెట్టుకుంటాడో కనబడుతుంది. మామూలు కేసుల విచారణ ఎవరైనా వెళ్ళి వినవచ్చు. ఈ ఊళ్ళోనే వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి గారి కథల్లోకి వచ్చిన మనుషులు ఆ వరండాల్లో తిరిగినవాళ్ళే. ఆయన వాళ్ళ యాసని వాళ్ళ గౌరవం పోకుండా రాశారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నీ జాలరి పాత్రలు ప్రతి వాక్యంలోనూ ‘ఏటి’ అంటాయి, నీ హీరో ఒక్కసారీ అనడు. అతనూ కంచరపాలెంలో పెరిగినవాడే కదమ్మా. యాస పేదవాళ్ళకే ఉన్నట్టు రాయడం సినిమాల నుంచి వచ్చిన జబ్బు. దాన్ని వదిలించుకో.

ఊరి భూగోళం గురించి ఎక్కువ చెప్పను. సాయంత్రం ఆరుకి గాజువాకలో బయల్దేరినవాడు పావుగంటలో మధురవాడ చేరలేడు. మే నెలలో అయిదున్నరకి ముందే సూర్యుడు వచ్చేస్తాడు, ఆరు గంటలకి ఆర్కే బీచ్‌లో చీకట్లో వెంటాడటం కుదరదు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళంతా చూస్తారు. వాళ్ళని చూడనిస్తే ఇంకా బాగుంటుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. విలన్‌కి ఏదో ఒక పగ కావాలని 2020 మే 7 నాటి గ్యాస్ లీకుని వాడుకున్నావు. రెండు పేరాల్లో వచ్చి వెళ్ళిపోయింది. ఆర్ఆర్ వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదకి వచ్చింది, 12 మంది పోయారు. వాళ్ళ ఇంట్లోవాళ్ళు నీ పుస్తకం కొని చదవగలిగినంత దగ్గర్లో ఉన్నారు. రాయొద్దని అనను, ఈ ఊరి రచయితలు రాయాలి కూడా. రాస్తే పుస్తకమంతా దాని మీద నిలబడేలా, వాళ్ళతో కూర్చుని విని రాయి. పగ కోసమే అయితే ఆ రెండు పేరాలు తీసెయ్యి. ఈ ఒక్క చోట నా మాట కాదనకు.

ఇక నీ ఉత్తరంలో చివర్న రాసిన సంగతి. కథల యాప్ వాళ్ళు రోజుకో ఎపిసోడ్ అడుగుతున్నారు, ఏడాదిలో మూడు నవలలు అన్నారు, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నావు. మానకు. ఇప్పుడే వద్దు. తెలుగులో నవలల మీద ఇల్లు గడిచినవాళ్ళు ఉన్నారు, వారపత్రికల సీరియల్స్ కోసం జనం ఎదురుచూసిన కాలంలో. ఆ పత్రికల్లో చాలా వరకు మూతపడ్డాయి. ఆ చోట్లోకి ఇప్పుడు యాప్‌లు, ఆడియోలు వచ్చాయి, మంచిదే, నీలాంటివాళ్ళకి పాఠకులు దొరుకుతున్నారు. కానీ రోజుకో ఎపిసోడ్ అంటే రోజుకో బాంబు. ఇప్పటికే నీకున్న అలవాటుకి అది జీతమిచ్చి మరీ ముదరబెడుతుంది. జీతం బయటి నుంచి వస్తున్నంత కాలం ఒక అధ్యాయాన్ని చించేసే ధైర్యం నీకు ఉంటుంది. ఈఎంఐ ఎపిసోడ్ల మీద ఆధారపడిన రోజున ఆ ధైర్యం ఉండదు.

రాస్తానంటే రాయి, కాకపోతే నవల మొత్తం పూర్తిచేసి, తిరగరాసి, అప్పుడు ఎపిసోడ్లుగా ఇవ్వు.

కాంట్రాక్టు మాత్రం ఒక్కో వాక్యం చదువు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, నీ సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బు అని అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టం అనుకుంటుంది. అందుకే కొందరు ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, అన్ని మాధ్యమాల్లో’ అని ముందే రాసేస్తారు. ఆ మూడు మాటలు ఒకే వాక్యంలో కనబడితే అక్కడ పెన్ను కింద పెట్టు. యాప్‌కి యాప్ హక్కు, అదీ కొన్నేళ్ళకి. ఆడియో వేరు, అచ్చు వేరు, అనువాదం వేరు, సినిమా, వెబ్ సిరీస్ వేరు. నువ్వు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉండే ఆస్తి అది. మొదటి చెక్కు చూసిన సంతోషంలో ఇచ్చెయ్యకు.

కథ వినిపించమని ఫోన్ చేసిన సినిమా మనిషి గురించి అడిగావు. కథాంశానికి కాపీరైట్ ఉండదు, నువ్వు రాసిన రాతకే ఉంటుంది. సుప్రీంకోర్టు 1978లోనే ఆ మాట తేల్చి చెప్పింది. కాబట్టి కాఫీ షాపులో నోటితో చెప్పిన కథకి నీ దగ్గర ఆధారం ఉండదు. నవలని కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించు. తప్పనిసరి కాదు, రుసుము 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తర్వాత ఈమెయిల్లో పంపు, పంపిన తేదీ ఉంటుంది. వినడానికి పిలిచినవాళ్ళంతా దొంగలని నేను అనను, కానీ నీ కథని ప్రేమించినవాళ్ళు ఈమెయిల్ అడ్డొచ్చిందని వదులుకోరు.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది. మొదటి మూడు అధ్యాయాలు వేట నిషేధంలో పెట్టి తిరగరాసి పంపు. మిగతావి పంపకు, అవి చదివాక మాట్లాడుకుందాం. హార్బర్‌కి వెళ్ళేటప్పుడు తెల్లారకముందే వెళ్ళు, నోట్‌బుక్ తియ్యకుండా చేపలు కొనుక్కో, ఐసు కొట్టేవాళ్ళ దగ్గర, వడ్రంగుల దగ్గర కాసేపు నిలబడు. యాప్ వాళ్ళ కాంట్రాక్టు వచ్చాక సంతకం పెట్టకుండా కాపీ నాకు పంపించు, నాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నారు, ఇద్దరం కలిసి చదువుతాం. వాళ్ళు రేపటికల్లా కావాలంటే, వారం పడుతుందని చెప్పు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు. ఉంటాను.