ఆఖరి వారం ఉండిపోయేవాళ్ళది

"ఆగస్టులో చదువుకు అమెరికా వెళ్తున్నాను. మాది తిరుపతి. సామాన్లు దాదాపు సర్దేశాం. అమ్మ ఇప్పటినుంచే కళ్ళు తుడుచుకుంటోంది, నాయన అసలు మాట్లాడ్డం లేదు. ఈ ఆఖరి వారం ఎలా గడపాలి?" అని బైరాగిపట్టెడ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ఏటా జూలై వచ్చేసరికి మా ఊరి పిల్లలు చాలామంది అడిగేది ఇదే. కాకపోతే సూట్‌కేసు బరువుతో మొదలుపెట్టి, చివర్లో గొంతు తగ్గించి ఈ మాట అడుగుతారు. ఈ తమ్ముడు సూటిగా అడిగాడు, నేనూ సూటిగానే చెప్తాను.

ఆ వారం మీది కాదు, ఇంట్లో ఉండిపోయేవాళ్ళది. మీకు ముందు కొత్త ఊరు, కొత్త కాలేజీ, కొత్త మనుషులు ఉన్నారు. దిగిన రోజు నుంచి ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక ఉండదు. అమ్మకు, నాయనకు మాత్రం అదే ఇల్లు, అదే వంటగది, అందులో మీరు లేరు. కాబట్టి కొనాల్సినవన్నీ అంతకు ముందే కొనేయండి. ఆ వారం సాయంత్రాలు గాంధీ రోడ్డులో కుక్కర్ కోసం తిరుగుతూ పోగొట్టుకోవద్దు. కుక్కర్ అక్కడా దొరుకుతుంది.

సామాన్ల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. రాగిపిండి, చింతపండు, బెల్లం, కందిపప్పు ఇండియన్ స్టోర్లలో ఉంటాయి. అమ్మ చేతి ఆవకాయ, చెనక్కాయల పొడి తీసుకెళ్ళండి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు, మాంసం పచ్చళ్ళు వద్దు. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసుకెళ్ళే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే దాన్ని రానివ్వరు. తినేవి ఏమున్నా కస్టమ్స్ దగ్గర ఉన్నాయని చెప్పండి. చెప్తే మహా అయితే ఆ వస్తువు పోతుంది, దాస్తే జరిమానా పడుతుంది. పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం కాలేజీ పంపే కాగితం), ఫీజు రసీదులు, మందులు, డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉండాలి.

ఇక మనుషుల సంగతి. బంధువులందరినీ పిలిచి ఫంక్షన్ చేయడం కంటే, కదల్లేని పెద్దవాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళడం మేలు. పాకాలలోనో పుత్తూరులోనో అవ్వాతాతలు ఉంటే వెళ్ళి ఒక రాత్రి అక్కడే పడుకోండి. కాళ్ళకు దండం పెట్టి పది నిమిషాల్లో తిరిగి రాకండి. నేను ఊరు వదిలి వెళ్ళేటప్పుడు మా అవ్వ సంకటి కెలికి, ఊరుబిండి నూరి పెట్టి, చాలా రాత్రి వరకు తన పెళ్ళి నాటి కబుర్లు చెప్పింది. ఆమె పోయినప్పుడు నేను ఊరికి చేరుకోలేకపోయాను. ఆ దుఃఖం ఇప్పటికీ ఉంది. కానీ ఆ రాత్రి కూడా నాకు ఉంది, అది లేకపోతే ఎలా తట్టుకునేదాన్నో తెలియదు.

కొండకు వెళ్ళాలని ఇంట్లో అందరికీ ఉంటుంది. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి, సర్వదర్శనంలో ఎంతసేపు పడుతుందో ముందే అనుకోలేం. ముందుగా బుక్ చేసుకున్నారా, సంతోషం. లేకపోతే ఆ ఒక్కదాని గురించి ఇల్లంతా టెన్షన్ పెట్టుకోకండి. అమ్మతో తిరుచానూరు వెళ్ళి పద్మావతి అమ్మవారిని చూసుకోండి. నాయన మోకాళ్ళు బాగుంటే తెల్లవారుజామున ఇద్దరూ అలిపిరి నుంచి నడవండి. మొత్తం 3,550 మెట్లు, గాలిగోపురం దాకా ఎక్కి దిగినా చాలు. ఇంట్లో కుర్చీలో ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని నాయనలు పక్కన నడుస్తుంటే మాట్లాడతారు. మొదట అప్పు గురించో, ఉద్యోగం గురించో మొదలవుతుంది. మీరు తొందరపడి జవాబులు చెప్పకండి. కొన్ని మెట్లు ఎక్కేసరికి అసలు మాట బయటికి వస్తుంది.

ఆయనకు పని కూడా అప్పగించండి. చదువుకు వెళ్ళినా సరే, దేశం దాటాక మీరు ఎన్నారై లెక్కే. మీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ఎన్నారైలు ఇక్కడ పెట్టుకునే రూపాయల ఖాతాగా మార్చుకోవాలి. మీ పేరున స్థలమో పొలమో ఉంటే నాయన పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే కాగితం) ఇక్కడున్నప్పుడే రాయించండి. అక్కడికి వెళ్ళాక అయితే కాన్సులేట్ చుట్టూ తిరగాలి, ఆ కాగితం ఇండియాకు చేరాక 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఈ ఫైళ్ళన్నీ ఒక సంచిలో పెట్టి, ఏది ఎక్కడుందో ఆయనకు చూపించండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే మీ ఇక్కడి నంబరు ఆగిపోకుండా రీఛార్జి చేయించే బాధ్యత కూడా ఆయనకే ఇవ్వండి. మన అవసరం ఆయనకు ఇంకా ఉందని, ఆయన అవసరం మనకు ఇంకా ఉందని ఇద్దరికీ తెలియాలి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఊళ్ళో ఉండిపోయే స్నేహితుల గురించి. వీడ్కోలు పార్టీలో ఫోటోలు దిగి వదిలేయకండి. వాళ్ళలో ఒకరిని ఇంటికి తీసుకొచ్చి, అమ్మ చేత అన్నం పెట్టించి, "నేను లేనప్పుడు ఏదైనా అవసరమైతే వీళ్ళను పిలువు" అని అమ్మ ముందే చెప్పండి. నంబరు ఫోన్‌లో పెట్టడమే కాదు, పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. నా స్నేహితురాలు ఒకామె మా ఇంటికి కూతురైపోయింది. అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రిలో పక్కన ఉన్నది ఆమే. గంగమ్మ జాతరకు వేషం వేసుకుని మొదట మా అమ్మ దగ్గరికే వచ్చి, అక్కడినుంచి నాకు వీడియో చేస్తుంది. అలాంటి స్నేహానికి మనం కూడా ఏదో చేయాలి. ఆమె పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకోండి, ఆమె కష్టం కూడా వినండి, పని పడినప్పుడు మాత్రమే ఫోన్ చేయకండి.

బయల్దేరే రోజు. మన జిల్లాల నుంచి చాలామంది చెన్నై మీదుగా వెళ్తారు. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటి మూడు నాలుగు గంటల ప్రయాణం. విమానాలేమో ఎక్కువగా అర్ధరాత్రికి అటూ ఇటూ ఉంటాయి. టికెట్ లేనివాళ్ళను టెర్మినల్ లోపలికి రానివ్వరు. అంటే మీ వీడ్కోలు గేటు బయట, ట్రాలీ పక్కన, వెనక కార్ల హారన్ల మధ్య జరగాలి. అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడలేరు. అందుకే చెప్పాల్సినవి ఇంట్లోనే చెప్పండి. దేవుడి ముందు దీపం పెట్టాక, కాళ్ళకు దండం పెట్టాక, కాసేపు కూర్చోండి. అమ్మ ఏడిస్తే ఊరుకోమనకండి. మీకు ఏడుపొస్తే మీరూ ఏడవండి.

తిరిగి వచ్చే కారు గురించి ఎవరూ ఆలోచించరు. మీరు లోపల సెక్యూరిటీ క్యూలో ఉంటారు, వాళ్ళు ఆ చీకట్లో మళ్ళీ అన్ని గంటలు ప్రయాణం చేయాలి. మీ స్నేహితుడినో, పిన్నమ్మనో, బాబాయినో ఆ కారులో తప్పకుండా పంపండి. దారిలో ఎక్కడైనా ఆపి కాఫీ తాగించమని చెప్పండి. మీ విమానాల టైములు మన టైములోకి మార్చి, కాగితం మీద రాసి క్యాలెండరు పక్కన అంటించండి. మధ్యలో దిగే ఊళ్ళో వైఫై దొరక్కపోతే మెసేజ్ రాదని, అందుకు భయపడొద్దని ముందే చెప్పి వెళ్ళండి.

అక్కడికి చేరాక మొదటి నెల బెంగ ఉంటుంది, దాన్ని ఎవరూ తీసేయలేరు. కానీ మనుషులు దొరుకుతారు. వంట వంతులు వేసుకునే రూమ్మేట్లలోనే రేపు జ్వరం వస్తే చారు కాచి ఇచ్చేవాళ్ళుంటారు. తెలుగువాళ్ళతోనే ఉండిపోకండి, పక్క ల్యాబులో ఒంటరిగా తినే వేరే దేశం పిల్ల కూడా ఇల్లు వదిలి వచ్చిందే. పిట్స్‌బర్గ్ వైపు వెళ్తే వేంకటేశ్వరస్వామి గుడి ఉంది, 1970లలోనే కట్టారు. తిరుపతి పిల్లలు అక్కడ మొదటిసారి గోవిందనామాలు విన్నప్పుడు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

కొత్తగా వెళ్ళినవాళ్ళలో నేను చూసిన ఒక విషయం నన్ను బాధపెడుతుంది. కష్టాలు ఇంట్లో చెప్పరు, సరే. సంతోషాలు కూడా చెప్పరు. అమ్మ అక్కడ ఒంటరిగా ఉంటే నేనిక్కడ నవ్వుతున్నానని ఎలా చెప్పను అనుకుంటారు. చెప్పండి. ఊరి లైబ్రరీలో డబ్బు కట్టకుండానే కార్డు ఇచ్చారని, బస్సు దిగుతూ అందరూ డ్రైవరుకు థాంక్స్ చెప్తారని, అక్టోబరులో మా వీధి చెట్లన్నీ ఎర్రగా మారాయని, మొదటిసారి మంచు పడిందని, సంకటి ముద్ద కుదిరిందని చెప్పండి. వాళ్ళు మన మార్కుల కోసం ఎదురుచూడరు, ఈ కబుర్ల కోసం చూస్తారు. పొద్దున మీరు చెప్పినది సాయంత్రానికి వీధిలో అందరికీ తెలిసిపోతుంది, ఆ రోజంతా అమ్మకు దాంతోనే గడుస్తుంది.

ఫోన్ టైము ఒకటి పెట్టుకుని దాన్ని తప్పకండి. న్యూయార్క్ వైపు ఆగస్టులో మనకంటే 9 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది, డాలస్, షికాగో అయితే 10 గంటల 30 నిమిషాలు, కాలిఫోర్నియా అయితే 12 గంటల 30 నిమిషాలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకు. ఇది అమ్మకు ముందే చెప్పకపోతే, నవంబరులో ఆ సోమవారం పొద్దున ఆమె గంటసేపు ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. క్యాలెండరు పక్కన అంటించే కాగితం మీద ఈ రెండు తేదీలు కూడా రాయండి.