కెనడా ‘సెల్ఫ్ ఎంప్లాయిడ్’ పీఆర్ కోసం ఏజెంట్‌కి ఆరున్నర లక్షలు కట్టాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో తొమ్మిదేళ్లుగా సొంతంగా కూచిపూడి క్లాసులు నడుపుతున్నాను. ఇక్కడ 60 మంది పిల్లలు, ఆన్‌లైన్‌లో అమెరికా, కెనడా నుంచి 14 మంది ఉన్నారు. ఏడాదికి 13 లక్షల దాకా వస్తాయి గానీ రిటర్న్‌లో 5 లక్షలే చూపిస్తున్నాం. మా వారికి 39, ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్. పాప మూడో తరగతి. ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్ 6 లక్షలు, కంకిపాడు దగ్గర 40 లక్షలు చేసే 200 గజాల ప్లాట్ ఉన్నాయి. కళాకారులకి, క్రీడాకారులకి కెనడాలో నేరుగా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఇచ్చే స్కీమ్ ఉందని, మొత్తం ఆరున్నర లక్షలు అవుతుందని, స్లాట్ బుక్ చేయడానికి సోమవారంలోగా 2 లక్షలు కట్టాలని ఏజెంట్ అంటున్నాడు. ప్లాట్ అమ్మేసి వెళ్లిపోదామా?

జవాబు: సోమవారం ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఆ ఏజెంట్ చెప్పిన స్కీమ్ నిజంగానే ఉంది, దాని పేరు సెల్ఫ్ ఎంప్లాయిడ్ పర్సన్స్ ప్రోగ్రామ్, మీలాంటి వాళ్ల కోసమే పెట్టారు కూడా. కానీ 2024 ఏప్రిల్ 30 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. ఆపినప్పుడు 2027 జనవరి 1 దాకా అన్నారు, ఆ తేదీన తలుపు తెరుస్తామని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేదు. అప్పటికే ఒక్కో ఫైలు తేలడానికి నాలుగేళ్లకు పైగా పడుతోంది, పాతవి గుట్టలా పేరుకుపోయాయి. పైగా కొత్త కంపెనీలు పెట్టేవాళ్లకిచ్చే స్టార్టప్ వీసా, ఈ స్కీమ్ రెండూ కలిపి 2024కి 5 వేల మంది అని పెట్టుకున్న లక్ష్యాన్ని 2025కి వచ్చేసరికి 2 వేలకు కోసేశారు, అందులోనే కుటుంబ సభ్యులూ లెక్క. ఇందులో ‘స్లాట్’ అనేదే లేదు. లేని స్లాట్‌కి 2 లక్షలు అడిగే మనిషి దగ్గర ఇంకే సలహా తీసుకున్నా ప్రమాదమే.

డబ్బు తీసుకుని కెనడా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడానికి అక్కడి చట్టం కొందరికే అనుమతిస్తుంది. కెనడా లాయర్లు, లైసెన్స్ ఉన్న పారాలీగల్స్, క్యూబెక్ నోటరీలు, అక్కడి ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లని నియంత్రించే ‘కాలేజీ’ అనే సంస్థలో లైసెన్స్ ఉన్నవాళ్లు, అంతే. లైసెన్స్ నంబర్ అడగండి, కాలేజీ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని. ఇప్పటికే అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే ఫోన్లో వాదించకుండా, తిరిగి ఇవ్వమని మెయిల్ పెట్టండి, రసీదు జత చేయండి.

ఈ స్కీమ్ ఎలా పనిచేసేదో కొంచెం తెలుసుకోండి, రేపు మళ్లీ తెరిచినా ఇంకో ఏజెంట్ మిమ్మల్ని పాయింట్ల లెక్కతో ఊరించకుండా ఉంటాడు. మొత్తం 100 పాయింట్లు, కావాల్సింది 35. గత ఐదేళ్లూ సొంతంగా ఆ పనే చేస్తున్నట్టు చూపిస్తే అనుభవానికే 35 వస్తాయి, వయసు 21 నుంచి 49 మధ్య ఉంటే ఇంకో 10, చదువు, భాష వేరే. అంటే పాయింట్లు దాటడం మీకు అసలు సమస్యే కాదు. ఫైళ్లు తిరగ్గొట్టేది వేరే చోట. ఈ మనిషి కెనడా వచ్చి తన కళ మీదే సంపాదించుకుని బతకగలదా, అక్కడి సాంస్కృతిక జీవితానికి చెప్పుకోదగ్గది ఏమైనా చేయగలదా అని ఆఫీసర్ చూస్తాడు, నమ్మకం కుదరకపోతే పాయింట్లు ఎన్ని ఉన్నా ఫైలు పోయినట్టే. సంగీతం టీచర్లు, కొరియోగ్రాఫర్లు, ఆటల కోచ్‌లు ఈ కేటగిరీలోకి వస్తారని వాళ్ల మార్గదర్శకాల్లోనే ఉంది కాబట్టి, క్లాసులు చెప్పుకునేవాళ్లకి పనికిరాదనే మాట తప్పు. నిరూపించుకోవడమే కష్టం.

ఆ నిరూపణ దగ్గరే మీ ఉత్తరంలో నన్ను బాగా టెన్షన్ పెట్టిన వాక్యం ఉంది, 13 లక్షలు వస్తే 5 లక్షలు చూపించడం. పన్ను సంగతి అటుంచండి, మీ తొమ్మిదేళ్ల పనిలో సగానికి పైగా కాగితం మీద లేనట్టే కదా! నెల ఫీజులు కొన్ని ఫోన్‌పేలో మీకు, కొన్ని మీ వారి నంబర్‌కి, కొన్ని చేతికి. దసరాకి కవర్లో పెట్టి ఇచ్చే దక్షిణ ఎక్కడా రాయరు. ఒక అమ్మాయి రంగప్రవేశం అంటే మృదంగం, వయొలిన్, గాత్రం, మేకప్, హాలు, ఇంత తతంగం మీరు దగ్గరుండి నడిపిస్తారు, డబ్బు మాత్రం పిల్ల తండ్రి నేరుగా వాద్యబృందం చేతిలో పెట్టేస్తాడు, చివరికి మీ దగ్గర మిగిలేది ఆహ్వానపత్రిక, నాలుగు ఫొటోలు. ఏ దేశపు ఆఫీసర్ అయినా అడిగేది ఒప్పందం, బిల్లు, బ్యాంకు ఎంట్రీ, రిటర్న్. కళాకారుల ఫైళ్లు ప్రతిభ లేక తిరిగొస్తాయని చాలామంది అనుకుంటారు, నేను చూసినంతలో ఎక్కువ చోట్ల దెబ్బతీసేది ఈ లెక్కలే.

కాబట్టి ఏజెంట్‌కి పెట్టాలనుకున్న డబ్బులో కొంత ముందు ఒక మంచి చార్టర్డ్ అకౌంటెంట్‌కి పెట్టండి. వదిలేసిన ఆదాయాన్ని చూపించడానికి అప్‌డేటెడ్ రిటర్న్ అనే దారి ఉంది. సంబంధిత అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక నాలుగేళ్ల దాకా వేయొచ్చు, కానీ ఆలస్యమైన కొద్దీ అదనపు పన్ను 25 శాతం, 50, 60, 70 అలా పెరుగుతుంది. ఇది పన్ను, వడ్డీల మీద పడే అదనం, ఆదాయం మీద కాదు, కంగారు పడకండి. మీ స్థాయి ఆదాయానికి ఖర్చులు తీసేస్తే ఈ భారం మోయలేనిదేం కాదు. విదేశీ విద్యార్థుల ఫీజు బంధువుల ఖాతాల్లోకి కాకుండా మీ పేరు మీదున్న కరెంట్ ఖాతాకే రప్పించి, బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు ధ్రువపత్రం తీసుకోండి. మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఇదంతా కెనడా కోసమే కాదు, రేపు ఇక్కడే స్టూడియో కట్టుకోవడానికి లోన్ అడిగినా బ్యాంకు చూసేది ఆ రిటర్న్‌లే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వేసవిలో అమెరికా విజిటర్ వీసా మీద వెళ్లి వర్క్‌షాపులు పెట్టి, ప్రోగ్రాములు చేసి, చేతికి డాలర్లు తీసుకుని వచ్చే అలవాటు మన కళాకారుల్లో చాలామందికి ఉంది. ఆ వీసా మీద డబ్బు తీసుకుని పని చేయకూడదు. అక్కడి తెలుగు సంఘాల సభల్లో మీ నాట్యం మీకు గొప్ప సాక్ష్యం, కానీ దాని వెనక సరైన వీసా లేకపోతే అదే కరపత్రం, అదే యూట్యూబ్ వీడియో మీకు ఎదురు తిరుగుతుంది. పిలిచినవాళ్లనే ఓ-1 లాంటి పని వీసాకి పిటిషన్ వేయమనండి, క్రీడాకారులకైతే పీ-1 ఉంది. కుదరదంటే ఆ సీజన్ వదిలేయండి.

వేరే దేశాల సంగతి క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో ఈబీ-1ఏ అనే గ్రీన్‌కార్డ్ దారికి యజమాని అక్కర్లేదు, మీకు మీరే వేసుకోవచ్చు, పది ప్రమాణాల్లో కనీసం మూడు నెగ్గాలి. జాతీయ స్థాయి అవార్డులు, పత్రికల్లో మీ గురించి వ్యాసాలు, ఇతరుల పనికి న్యాయనిర్ణేతగా ఉండటం, ఇలాంటివి. క్లాసులే ప్రధానమైతే ఇప్పుడు దాని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. బ్రిటన్ గ్లోబల్ టాలెంట్ వీసాలో నాట్యానికి ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ సిఫారసు ఇస్తుంది, అక్కడా బరువు మీ సొంత ప్రదర్శనలదే, పాఠాలది కాదు. ఖర్చు కూడా చూసుకోండి. 2025 లెక్కన దరఖాస్తు 766 పౌండ్లు, దాని మీద ఆరోగ్య రుసుం పెద్దవాళ్లకి తలా ఏడాదికి 1,035 పౌండ్లు, అదీ వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లకీ ముందే కట్టాలి. రాబోయే రెండు మూడేళ్లలో మీరు స్టేజీ మీదికి ఎక్కువగా వెళ్లగలిగితే నా ఓటు దీనికే. మీ వారి పేరు మీద ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (ఉద్యోగ నైపుణ్యం ఉన్నవాళ్లకి పాయింట్ల మీద కెనడా పీఆర్ ఇచ్చే దారి) స్కోరు కూడా ఉచితంగా లెక్కేసి చూడండి, కాకపోతే అక్కడ 30 దాటాక ప్రతి పుట్టినరోజుకీ పాయింట్లు తగ్గుతాయి.

ఇక డబ్బు. కెనడా సెల్ఫ్ ఎంప్లాయిడ్ స్కీమ్‌లో ఇంత చూపించాలి అని అంకె పెట్టలేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ముగ్గురి కుటుంబానికి 2025 లెక్క 23 వేల కెనడా డాలర్ల పైన, అంటే 14, 15 లక్షలు. మీ ఎఫ్‌డీలు, ఫండ్లు కలిపితే సరిగ్గా అక్కడికే వస్తాయి, అది కాగితానికి సరిపోతుంది, బతకడానికి సరిపోదు. టొరంటో చుట్టుపక్కల ముగ్గురుండే ఇంటి అద్దె నెలకి 2 వేల డాలర్ల పైమాటే, ఇక్కడిలాగా ఇంట్లో హాల్లోనే క్లాసు పెట్టుకోవడం అన్నిచోట్లా కుదరదు, కమ్యూనిటీ సెంటర్ హాలు గంటల లెక్కన అద్దెకి తీసుకోవాలి, మొదటి ఏడాది పదిమంది పిల్లలు చేరితేనే గొప్ప. జీతగాళ్లకి పెన్షన్ వాటా సగం యజమాని కడతాడు, సొంత పని వాళ్లు రెండు వాటాలూ తామే కట్టాలి, మినహాయింపు పోగా గరిష్ఠ పరిమితి దాకా ఉన్న ఆదాయం మీద 11.9 శాతం. రాబడి 30 వేల డాలర్లు దాటితే అక్కడి జీఎస్టీ కూడా వసూలు చేసి కట్టాలి. అందుకే నేనైతే ఏ దేశం వెళ్లినా ఏడాదిన్నర ఖర్చు పక్కన పెట్టుకున్నాకే టికెట్ కొనమంటాను, కెనడాకి అది 35 లక్షలకు తగ్గదు. మీ ఆన్‌లైన్ విద్యార్థుల్ని మాత్రం వదులుకోకండి, మొదటి రోజు నుంచీ రాబడి ఇచ్చేది వాళ్లే.

డబ్బు పంపేటప్పుడు ఒక్కొక్కరికీ ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల పరిమితి ఉంది, అది మీకు అడ్డం కాదు. కానీ ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. రిటర్న్‌లో తిరిగి వస్తుంది గానీ వెళ్లే ముందు చేతిలో డబ్బు తక్కువ పడుతుంది. మీరూ మీ వారూ చెరో ఖాతా నుంచి, మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే చాలావరకు తప్పించుకోవచ్చు.

ప్లాట్ ఇప్పుడు అమ్మకండి, వీసా చేతికి రాకముందు అసలే వద్దు. వీసా ఖాయమయ్యాక అప్పుడు ఆలోచించండి, అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం విమానం ఎక్కకముందే రిజిస్ట్రేషన్ ముగించండి. ఇక్కడుండగా అమ్మితే 50 లక్షల లోపు కాబట్టి కొనేవాడు టీడీఎస్ పట్టక్కర్లేదు, 2024 జులై 23కి ముందు కొన్నదైతే పాత ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి చూసే) లెక్క, అది లేని కొత్త 12.5 శాతం లెక్క రెండూ వేసి, తక్కువ వచ్చిన పన్నే కట్టొచ్చు. ఎన్ఆర్ఐ అయ్యాక ఆ వెసులుబాటు లేదు, పైగా ముందే తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం అమ్మకం ధర మీదే టీడీఎస్ పట్టేస్తారు. ఉంచుకుంటారా, అయితే మీరు కెనడాలో దిగిన రోజుకి ఆ ప్లాట్ విలువ ఎంతో రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రాయించి పెట్టుకోండి, అక్కడి పన్ను చట్టం ఆ రోజు విలువనే మీ కొనుగోలు ధరగా తీసుకుంటుంది, తర్వాత పెరిగినదాని మీదే వాళ్లకి పన్ను. సేవింగ్స్ ఖాతాలు ఎన్ఆర్ఓగా, అంటే ఎన్ఆర్ఐలు ఇక్కడి రాబడి కోసం ఉంచుకునే ఖాతాలుగా మార్పించండి. అన్నయ్యకో బావగారికో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే అమ్మే అధికారం లేకుండా, పన్ను కట్టడం, సరిహద్దు చూసుకోవడం వరకే అని రాయించండి, అదీ వెళ్లే ముందే ఇక్కడ రిజిస్టర్ చేయించండి.