టీవీ మీద కప్పిన గుడ్డ

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఊరి అంగన్‌వాడీని ఒక కంపెనీ దత్తత తీసుకుంది. గోడల నిండా బొమ్మలు, రంగు కుర్చీలు, పెద్ద టీవీ. చూడముచ్చటగా ఉంది. మా బాబుకు మూడున్నరేళ్లు. నెలకు రెండు వేలు కట్టి ప్లేస్కూల్‌కు పంపుతున్నాం. అక్కడ మాన్పించి ఇక్కడ వేద్దామంటే, మా ఆయన ‘కంపెనీవాళ్లు ఫొటోలు దిగి పోతారు, తర్వాత ఎవడు చూస్తాడు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: మీవారి మాట కొట్టిపారేయలేనమ్మా. సూపర్‌వైజర్‌గా ఇరవై ఆరేళ్లు సెంటర్ల చుట్టూ తిరిగినదాన్ని. ఒక ఊళ్లో ఇలాగే టీవీ ఇచ్చారు. రిబ్బన్ కత్తిరించిన ఆర్నెల్లకు వెళ్లి చూస్తే దాని మీద పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంది. రిమోట్ బీరువాలో, తాళం టీచర్ కొంగుకు. ‘‘పాడైతే నా జీతంలో కోస్తారేమోనని భయం మేడమ్’’ అంది. ఆమెను ఏమనగలను? కంపెనీతో రాసుకున్న కాగితం తెప్పించి చూశాను. రిపేరు ఊసే లేదు, కరెంటు బిల్లు ఊసూ లేదు.

కంపెనీలు ఊరికే రావు, అలాగని రావడం తప్పూ కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవా పనులకు పెట్టాలి. చదువు, పోషణ ఆ పనుల జాబితాలో ఉన్నాయి. లెక్కలు మార్చితో ముగుస్తాయి కాబట్టి ఫిబ్రవరిలో రంగు డబ్బాలు దిగడం నేను చాలాసార్లే చూశాను. పెద్ద ఎత్తున చేసినవాళ్లూ ఉన్నారు. వేదాంత కంపెనీవాళ్లు 2015లో కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ‘నంద్ ఘర్’ పేరుతో అంగన్‌వాడీలు మొదలుపెట్టారు. టీవీతో పాటు సోలార్ పలకలు కూడా పెట్టారు. కరెంటు గురించి ముందే ఆలోచించారన్నమాట.

తిండికి మాత్రం దిగులు పడకండి. కంపెనీ ఉన్నా పోయినా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు వేడి భోజనం సర్కారు బాధ్యతే. ఒక్కొక్కరికి రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అందాలని 2013 ఆహార భద్రత చట్టంలో లెక్క రాశారు, 2023లో దాన్ని సవరించారు.

ఇక మీ బాబు సంగతి. ఒకరోజు పదకొండింటికి చెప్పకుండా వెళ్లి అరగంట కూర్చోండి. టీవీ వైపు చూడకండి, బొమ్మల పెట్టె తెరిచి చూడండి. దిమ్మల అంచులు అరిగి, రంగు పోయి ఉంటే సంతోషం. మెరుస్తూ ఉంటే పిల్లల చేతికి ఇవ్వట్లేదనే. టీచర్ పిల్లలతో ఆటగా గింజలు ఏరిస్తోందా, కథ చెబుతోందా, రిజిస్టర్లతో, ఫోన్‌తోనే సరిపోతోందా? ప్లేస్కూల్‌నూ ఇదే కంటితో చూడండి. 2020 జాతీయ విద్యావిధానం చిన్నపిల్లలకు ఆటపాటలతోనే నేర్పమంది. మూడున్నరేళ్లవాడితో నాలుగు గీతల కాపీలు నింపిస్తుంటే ఆ రెండు వేలు దండగ.

టీచర్ నచ్చితే చేర్చేయండి. తర్వాత మీ సూపర్‌వైజర్‌నడిగి ఒప్పందం కాగితం చూడండి: ఎన్నేళ్లకు, రిపేర్లు ఎవరివి, టీచర్‌కు ట్రైనింగ్ ఉందా అని. రిపేర్ల మాట లేకపోతే నలుగురు తల్లులు కలిసి సీడీపీఓకు, అంటే సూపర్‌వైజర్ల పైన ఉండే ప్రాజెక్టు అధికారికి, అర్జీ పెట్టండి. ఒక్కరే వెళ్తే కూర్చోమని కూడా అనరు.