అబ్బాయి పందెం బాకీ మీరు కట్టకండి

రాజోలు దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు: “మా అబ్బాయికి 32 ఏళ్ళు. రొయ్యల మేత వ్యాపారం. పొద్దున్నే చేతులు వణుకుతాయి, మందు పడితేగాని నిలవవు. సంక్రాంతి కోడిపందేల్లో మూడు లక్షలు పోగొట్టాడు. మావారికి తెలియకుండా నా గాజులు తాకట్టుపెట్టి తీర్చాను. కోడలు పాలకొల్లు పుట్టింటికి వెళ్ళిపోయింది. తలకి స్కానింగ్ తీయిస్తే లోపం తెలుస్తుందా? తాగుడు మానిపించే పొడి కూరలో కలపమంటున్నారు, కలపనా?”

అమ్మా, తలకి దెబ్బ తగిలితేనో ఫిట్స్ వస్తేనో తప్ప స్కానింగ్‌తో పనిలేదు. నుదుటి వెనకున్న మెదడు భాగం మనిషిని ఆపుతుంది. లోతుగా ఉండే స్ట్రయేటం దొరకబోయే సుఖానికి ఉరకలేస్తుంది. తాగేవాళ్ళనీ తాగనివాళ్ళనీ గుంపులుగా పోలిస్తే ఈ రెండిటి పనిలో తేడా కనబడుతుంది. అంతేగాని ఒక్కడి ఫిల్మ్ చూసి తాగుడు ఎందుకు మానలేడో ఏ డాక్టరూ చెప్పలేరు.

పొడి కలపనే వద్దు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తినేవాడికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వాడాల్సిన మందది.

అసలు చిక్కు మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉంది. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపు మెదడుని గట్టిగా పట్టేస్తుంది, సుఖం వైపు ఉరికించే డోపమిన్ అనే మెదడు రసాయనం అక్కడే పొంగుతుంది. దానికి ఎదురు నిలిచేది ఓడిన నొప్పి. అది అతనికి తగలకుండా మీ గాజులు అడ్డుపెట్టారు. తాగాక ఆపే భాగం ఇంకా మందగిస్తుంది, ఇక పందేనికి లెక్కేముంటుంది? బిడ్డకి అన్నం పెట్టడం, వైద్యం చేయించడం తల్లి ధర్మం. పందెం బాకీ మీ ధర్మం కాదు, అదీ కట్టుకున్నవాడికి దాచి!

ముందు గాజుల సంగతి మీవారికి చెప్పండి. అబ్బాయి మత్తులో లేని వేళ ఇద్దరూ కూర్చోబెట్టి, “తిండికీ వైద్యానికీ లోటు రానివ్వం, అప్పుకి మాత్రం రూపాయి కూడా ఇవ్వం” అని చెప్పండి. బాకీవాళ్ళు మీకు ఫోన్ చేస్తే అతనితోనే మాట్లాడుకోమనండి. కోడలి మీదికి పెద్దమనుషుల్ని పంపకండి. ఆ పిల్ల తప్పేమీ నాకు కనబడలేదు.

గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని మాత్రం చూడకండి. పొద్దుటి వణుకుందంటే ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయింది. ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో లేనివి కనబడి, మతి తప్పి, ప్రాణమే పోవచ్చు. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. అక్కడ వణుకుకీ ఫిట్స్‌కీ మందులిచ్చి, ఆ మందుల్ని రోజురోజుకీ తగ్గిస్తూ తాగుడు మాన్పిస్తారు. ఊళ్ళో ఆర్ఎంపీ గ్లూకోజ్ సెలైన్ ఎక్కించబోతే, ముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్ అడగండి. బీ1 లోపించిన ఒంట్లోకి ఒట్టి గ్లూకోజ్ వెళితే చూపు, నడక, జ్ఞాపకం దెబ్బతినొచ్చు. తర్వాత తాగాలన్న యావ తగ్గడానికి డాక్టరు నాల్ట్రెక్సోన్ అనే మాత్ర రాయొచ్చు. మామూలుగా రోజుకి 50 మిల్లీగ్రాములు, లివర్ పరీక్ష చూసుకునే ఇస్తారు.

అతను రానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా లైన్ టెలీ మానస్ 14416కి మీరే ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఖర్చులేదు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రోజుకెంత తాగుతాడో, చివరిసారి ఎన్నింటికి తాగాడో, ఇదివరకు ఫిట్స్ వచ్చాయో లేదో కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. మీవారూ వెంట ఉండాలి.