కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా టైమ్, తేదీ తప్పుగా ఎందుకు చూపిస్తుంది?

పాత డెస్క్‌టాప్ అయితే చాలామటుకు కారణం ఒక్కటే: మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోయింది. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా, ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు లోపలి గడియారం ఆ కరెంటుతోనే నడుస్తుంది. గోడ స్విచ్ ఆపేశాక బ్యాటరీయే దిక్కు. అందుకే రాత్రి స్విచ్ ఆపేసి పడుకునే ఇళ్లలో ఈ తేడా ముందు బయటపడుతుంది.

గాజువాకలో ఒకరి కంప్యూటర్ పొద్దున్నే 2015 జనవరి 1 అని చూపించిందనుకోండి. కరెంటు బిల్లు కడదామంటే బ్రౌజర్ 'సురక్షితం కాదు' అని ఆపేస్తుంది. నెట్ బాగానే ఉంటుంది. ఆ తేదీకి సైటు సర్టిఫికెట్ (సైటు అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే గుర్తింపు పత్రం) ఇంకా పుట్టనే లేదు మరి! ప్లగ్ తీసేసి, రూపాయి బిళ్లలా ఉండే ఆ 3 వోల్టుల బ్యాటరీ మార్చాలి. చాలా బోర్డుల్లో దాని మీద సీఆర్2032 అని ఉంటుంది, ప్లస్ గుర్తు పైకి రావాలి. తర్వాత టైమ్ ఒకసారి సరిచేయాలి.

దీన్ని వైరస్ అనుకుని విండోస్ మళ్లీ వేయించేవాళ్లున్నారు. డబ్బు దండగ. తేడా ఎప్పుడూ కచ్చితంగా అయిదున్నర గంటలే ఉంటే మాత్రం బ్యాటరీ జోలికి పోకండి, సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను యూటీసీ+5:30కి (అంటే భారత సమయానికి) మార్చి చూడండి.