ఎన్ఎఫ్ఎల్ పెరిగిందంటే హంటింగ్టన్ మొదలైనట్టేనా?

తమ్ముడికి హంటింగ్టన్ (మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) జన్యువులో సీఏజీ రిపీట్లు (పదేపదే వచ్చే డీఎన్ఏ ముక్కలు) 42, రక్తంలో ఎన్ఎఫ్ఎల్ అనే ప్రోటీన్ మిల్లీలీటరుకు 12 నుంచి 17 పికోగ్రాములైంది, మెదడులో చెత్త పేరుకుపోతోందా అని అడిగారు కదండీ. ముందు రెండు రిపోర్టుల్లో శాంపిల్ రకం చూడండి. ఒకటి సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఇంకోటి ఈడీటీఏ ప్లాస్మా (గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన రక్తం నుంచి తీసిన ద్రవం) అయితే పోల్చకండి; సీరంలో అంకె ఎక్కువే వస్తుంది. ల్యాబ్, కిట్ మారినా అంతే. క్రియాటినిన్ కూడా చేయించండి: కిడ్నీలు సరిగా పనిచేయకపోతే ఎన్ఎఫ్ఎల్ పెరుగుతుంది. ఈమధ్య తలకు దెబ్బ తగిలినా పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది.

ఎన్ఎఫ్ఎల్ నరాల తంతువులు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ప్రోటీన్. మెదడులో చెత్త తొలగింపును కొలవదు. ఆ తొలగింపును కొలుస్తుందని చెప్పే డీటీఐ-ఆల్ప్స్ సూచీ (ఎంఆర్ఐ స్కాన్ నుంచి లెక్కగట్టే అంకె) ఇంకా పరిశోధనకే, పైగా పరోక్షం. దానికి డబ్బు తగలెయ్యొద్దు. జబ్బు లక్షణాలు మొదలయ్యాయా అన్నది న్యూరాలజిస్టు కదలికలు, ఆలోచన పరీక్షించి తేల్చాల్సిందే.